ప్రక్రియా పటాల చరిత్ర: గిల్‌బ్రెత్ దంపతుల నుండి ‘కార్డ్’ దాకా

వ్యాససంగ్రహం: ఒక సంస్థలో పని ఏ వరుసలో జరుగుతుందో గుర్తులతో, గీతలతో చూపే చిత్రాన్ని ప్రక్రియా పటం అంటారు. ఈ పటాల చరిత్రను కేవలం సాంకేతిక పురోగతిగా చెప్పడం పరిపాటి. ప్రతి దశలోనూ గుర్తుల పట్టిక మారినప్పుడు, ఏది పనిగా కనబడాలి, ఏది కనుమరుగు కావాలి అన్నది కూడా మారిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 1921 నాటి గిల్‌బ్రెత్ పటం నుండి బయలుదేరి, 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ‘కార్డ్’ పథకం దాకా ఈ అంశాన్ని పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ప్రక్రియా పటం, గిల్‌బ్రెత్, పని సరళీకరణ, ఫ్లోచార్ట్, బి.పి.ఎం.ఎన్., కార్డ్, దస్తావేజు లేఖరి.

1. ప్రవేశిక

సాహిత్య విద్యార్థికి ‘ప్రక్రియ’ అంటే కథ, నవల, శతకం వంటి రచనారూపం. వాణిజ్య, పరిపాలనా శాస్త్రాలలో అదే మాట వేరొక అర్థంలో స్థిరపడింది. ఒక వస్తువో, కాగితమో, అభ్యర్థనో సంస్థలో అడుగుపెట్టింది మొదలు దాని పని ముగిసేదాకా ఏయే చేతులు మారుతుంది, ఎక్కడ ఏ మార్పు పొందుతుంది అనే వరుసను ‘వ్యాపార ప్రక్రియ’ అంటున్నాం. ‘బిజినెస్ ప్రాసెస్’ అన్న మాటకు ఇది అనువాదం. ఇక్కడ వ్యాపారం అంటే లాభార్జన మాత్రమే కాదు. ఆసుపత్రిలో రోగి నమోదు, తహసీల్దారు కార్యాలయంలో ధ్రువపత్రం జారీ కూడా ఈ పరిధిలోకి వస్తాయి.

నిర్వచనం తేలికగానే ఉంది. చిక్కు అంతా ‘మొదలు’, ‘ముగింపు’ అన్న రెండు మాటల్లో ఉంది. పని ఎక్కడ మొదలైందని గీసేవాడు భావిస్తే పటం అక్కడే మొదలవుతుంది. అంతకుముందు జరిగినది కాగితం అంచు అవతల ఉండిపోతుంది. పటం గీయడానికి వాడే గుర్తులు కూడా ఇలాగే పనిచేస్తాయి. దేనికి గుర్తు ఉందో అది కనబడుతుంది, లేనిది కనబడదు. వంద సంవత్సరాల ఈ చరిత్రను ఆ కోణం నుండి చదవవలసి ఉంది.

2. అధికార వృక్షం

పటం గీసి సంస్థను అర్థం చేసుకునే ప్రయత్నాలలో తరచు మొదట పేర్కొనబడేది అమెరికాలోని న్యూయార్క్ – ఎరీ రైల్వే చిత్రం. ఆ రైల్వే సూపరింటెండెంటు డేనియల్ మెక్‌కలమ్ 1855లో జార్జ్ హోల్ట్ హెన్షా చేత దీనిని గీయించారు. అడుగున వేళ్ల వద్ద అధ్యక్షుడు, డైరెక్టర్లు ఉంటారు. పైకి పోయేకొద్దీ కొమ్మలుగా విభాగాలు, రెమ్మలుగా స్టేషన్ల సిబ్బంది విస్తరిస్తారు. చూడముచ్చటైన చిత్రం. అయితే అది చెప్పేది ఎవరు ఎవరికి జవాబుదారీ అన్నది మాత్రమే. ఒక సరుకు మూట ఒక స్టేషనులో దిగి గ్రహీతకు చేరేలోపు ఎన్ని చేతులు మారింది, ఎంతసేపు ఎదురుచూసింది అన్న ప్రశ్నకు ఆ చెట్టులో సమాధానం లేదు.

కాలాన్ని చూపే పటాలు తరువాత వచ్చాయి. పోలండ్‌కు చెందిన కరోల్ ఆదమియెత్స్కీ 1896లో రూపొందించిన ‘హార్మోనోగ్రామ్’, 1910ల నాటి హెన్రీ గాంట్ పట్టీల పటం ఈ కోవలోవి. ఇవి ఏ పని ఎప్పుడు అన్నది చెబుతాయి, ఆ పని లోపల ఏమి జరుగుతున్నదో చెప్పవు. ఆ లోపలికి తొంగిచూసినది ఒక తాపీమేస్త్రీ.

3. గిల్‌బ్రెత్ దంపతుల పటం

1885లో బోస్టన్ నగరంలో పదిహేడేళ్ల ఫ్రాంక్ బంకర్ గిల్‌బ్రెత్ తాపీపని నేర్చుకోవడానికి చేరారు. నేర్పవలసిన మేస్త్రీలు ఒక్కొక్కరు ఒక్కో తీరున ఇటుక పెడుతున్నారు. అంతకన్నా విచిత్రమేమంటే, ఒకే మేస్త్రీ కుర్రవాడికి నేర్పేటప్పుడు ఒక తీరుగా, తొందరలో ఉన్నప్పుడు ఇంకో తీరుగా, తీరికగా ఉన్నప్పుడు మరో తీరుగా చేతులు కదిలిస్తున్నాడు. ఆ గమనింపు ఆయనను జీవితాంతం వదలలేదు. ఇటుక కోసం మేస్త్రీ ప్రతిసారీ నేలదాకా వంగడం ఎందుకని ఆలోచించి, గోడతోపాటు ఎత్తు పెరిగే సారువను రూపొందించారు. ఇటుకలను మంచి ముఖం ఒకే వైపు ఉండేలా ముందే పేర్పించి అందించే ఏర్పాటు చేశారు. ఒక్కో ఇటుకకు 18గా ఉన్న కదలికలు నాలుగున్నరకు తగ్గాయని, గంటకు 120 ఇటుకలు పెట్టే మనిషి 350 పెట్టగలిగాడని ఆయన లెక్క. ఈ అంకెలు ఆయన స్వయంగా చెప్పుకున్నవి. తన పద్ధతిని అమ్ముకునే వ్యక్తి చెప్పిన లెక్కలుగానే వాటిని తీసుకోవాలి. వంగడం తగ్గిందన్న విషయంలో మాత్రం సందేహానికి తావు లేదు.

ఆయన జీవిత సహచరి లిలియన్ మోలర్ గిల్‌బ్రెత్ మనస్తత్వశాస్త్ర పరిశోధకురాలు. 1914లో నిర్వహణ మనస్తత్వంపై గ్రంథం వెలువరించారు, 1915లో బ్రౌన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. ఈ ఇద్దరూ కలిసి రూపొందించిన ‘ప్రాసెస్ చార్ట్స్’ అన్న పత్రం 1921 డిసెంబరులో అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందుకు వచ్చింది. ప్రక్రియా పటం అన్న పేరు, ఆ భావన నేటి అర్థంలో స్థిరపడినది ఆ పత్రంతోనే.

వారి పద్ధతిలో అసలు కీలకం ఒక చిన్న ఎంపికలో ఉంది. వారు మనిషిని కాక వస్తువును వెంబడించారు. వస్తువు మారుతున్న చోట పెద్ద వృత్తం, ఒక చోటి నుండి మరో చోటికి కదిలితే చిన్న వృత్తం, తనిఖీ జరిగితే చతురస్రం, నిల్వ ఉంటే త్రిభుజం. గుర్తులను ఒకదాని కింద ఒకటి వరుసగా గీస్తారు. అలా గీసిన పటాన్ని మొదటిసారి చూసిన యజమానికి సాధారణంగా కలిగేది ఆశ్చర్యమే. పెద్ద వృత్తాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉంటాయి, తక్కినవన్నీ మోతలు, నిల్వలు, తనిఖీలు. పని జరుగుతున్నదని అనుకున్న చోట వస్తువు చాలావరకు ఊరికే ఉంటోంది.

ఈ గుర్తుల పట్టికను అదే ఇంజనీర్ల సంఘం 1947లో ప్రమాణీకరించింది. చిన్న వృత్తం స్థానంలో బాణం వచ్చింది. నిల్వకు తలకిందుల త్రిభుజం నిలిచింది. వీటికి తోడు రోమన్ లిపిలోని ‘డి’ అక్షరం ఆకారంలో ఒక కొత్త గుర్తు చేరింది, అది ఆలస్యానికి గుర్తు. ఎవరూ కావాలని దాచిపెట్టలేదు, ఎవరూ ముట్టుకోవడమూ లేదు, తన వంతు కోసం వస్తువు పడి ఉంది. ఆ స్థితికి ఒక పేరు, ఒక ఆకారం దక్కాయి. ఈ చరిత్ర మొత్తంలో ఇంతకు మించిన నిజాయితీ గల గుర్తు మరొకటి లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

4. పెన్సిలు ఎవరి చేతిలో?

పని గురించి పటం గీసే హక్కు ఎవరిదన్న వివాదం గిల్‌బ్రెత్‌ల కాలం నుండే ఉంది. ఫ్రెడరిక్ టేలర్ అనుచరులు స్టాప్‌వాచ్ పట్టుకుని కార్మికుడి వెనుక నిలబడేవారు. 1911 ఆగస్టులో మసాచుసెట్స్‌లోని వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో పోతపనివారు దీనిని సహించక సమ్మెకు దిగారు. విషయం అమెరికన్ కాంగ్రెసు దాకా వెళ్లింది. 1915లో ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలలో స్టాప్‌వాచ్ వాడకానికి నిధులు ఇవ్వరాదన్న నిషేధం వచ్చింది. గిల్‌బ్రెత్‌లు గడియారాన్ని కాక కదలికను చూడాలన్నారు, టేలర్ వర్గంతో విభేదించారు. అయినా వారి పటాన్ని గీసినది కూడా బయటి నిపుణుడే. ఆ విషయంలో వారు టేలర్‌కు ఎంతో దూరంలో లేరు.

ఈ స్థితిని మార్చడానికి ప్రయత్నించినవారు అలన్ మోగెన్సన్. పని చేసే మనిషికే ఆ పని గురించి అందరికన్నా ఎక్కువ తెలుసు, కాబట్టి దానిని మెరుగుపరచగలవాడూ అతడే అన్నది ఆయన సూత్రం. 1937 నుండి న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ ప్లాసిడ్‌లో ఆయన ‘పని సరళీకరణ’ శిక్షణ శిబిరాలు నడిపారు. పటం గీయడం అక్కడ ఇంజనీర్లకు మాత్రమే చెందిన రహస్య విద్య కాదు, ఫోర్‌మన్ కూడా పెన్సిలు పట్టుకున్నాడు.

1944లో అక్కడ శిక్షణ పొందిన బెన్ గ్రాహమ్ ఈ పటాన్ని కర్మాగారం నుండి కార్యాలయానికి తెచ్చారు. కార్యాలయంలో వెంబడించవలసిన వస్తువు కాగితం. కాగితానికి నాలుగు నకళ్లుంటాయి, నాలుగూ నాలుగు దారులు పడతాయి, మళ్లీ ఎక్కడో కలుస్తాయి. నిలువు వరుసలో ఒక్క వస్తువును చూపే పాత పటం దీనికి సరిపోలేదు. గ్రాహమ్ దానిని అడ్డంగా పరచి, ప్రతి పత్రానికీ ఒక సమాంతర గీత ఇచ్చారు. నేడు కార్యాలయ ప్రక్రియలను చిత్రించే పటాలన్నింటిలోనూ ఆ సమాంతర గీతల పోలిక కనిపిస్తుంది.

5. కంప్యూటరు గీత

ఇదే కాలంలో ప్రిన్స్‌టన్‌లో మరో రకమైన పటం పుట్టింది. హెర్మన్ గోల్డ్‌స్టైన్, జాన్ వాన్ నాయ్‌మన్ 1947–48లో వెలువరించిన నివేదికలలో కంప్యూటరుకు సమస్యను ఎలా విడమరచి చెప్పాలో వివరిస్తూ ‘ఫ్లో డయాగ్రమ్’లు వాడారు. వాటిలో లెక్క జరిగే పెట్టెలతోపాటు, రెండు దారులలో ఏదో ఒకటి ఎంచుకునే పెట్టెలూ ఉన్నాయి. ఈ ఎంపికే తరువాతి ఫ్లోచార్టులలో వజ్రాకారపు గుర్తుగా స్థిరపడింది. 1985లో వచ్చిన ఐ.ఎస్.ఓ. 5807 ప్రమాణం నాటికి ఆ గుర్తులు పాఠ్యపుస్తకాలకూ ఎక్కాయి.

రెండు పటాలూ పైకి ఒకేలా కనబడతాయి. లోపల తేడా పెద్దది. గిల్‌బ్రెత్ పటం వస్తువును వెంబడిస్తుంది, కంప్యూటరు పటం ఆజ్ఞను వెంబడిస్తుంది. మొదటిదానిలో నిర్ణయానికి గుర్తు లేదు. రెండవదానిలో ఎదురుచూపుకు చోటు లేదు, ఎందుకంటే ఒక ఆజ్ఞ ముగిసిన మరుక్షణం రెండవది మొదలవుతుందన్నదే దాని ఊహ.

మనకు బాగా తెలిసిన ఒక ఉదాహరణతో ఈ తేడాను చూద్దాం. పరిశోధకుడు తన సిద్ధాంతగ్రంథాన్ని విశ్వవిద్యాలయానికి సమర్పించాడు. 1947 నాటి గుర్తులతో ఆ గ్రంథాన్ని వెంబడిస్తే పటం ఇలా సాగుతుంది. నమోదు – వృత్తం. సామ్యత తనిఖీ – చతురస్రం. పరీక్షకుల జాబితా ఆమోదం కోసం ఒక బల్లపై – డి. పరీక్షకునికి పంపడం – బాణం. ఆయన అలమరలో – డి. చదివి నివేదిక రాయడం – వృత్తం. నివేదిక తిరుగు ప్రయాణం – బాణం. రెండవ నివేదిక రావాలి కనుక మొదటిది దస్త్రంలో – మళ్లీ డి. మౌఖిక పరీక్ష – వృత్తం. చివరకు గ్రంథాలయంలో తలకిందుల త్రిభుజం. ఇదే కథను ఫ్లోచార్టుగా గీస్తే నమోదు, తనిఖీ, ‘నివేదికలు అనుకూలమా?’ అన్న వజ్రం, అవునంటే మౌఖిక పరీక్ష, కాదంటే సవరణ అన్న దారి, అంతే. పటం చక్కగా, తార్కికంగా ఉంటుంది. పరిశోధకుడి జీవితంలో గడిచిన నెలలు మాత్రం అందులో ఎక్కడా ఉండవు. నిబంధనల పుస్తకం రెండవ పటాన్ని పోలి ఉంటుంది, అనుభవం మొదటిదాన్ని.

ఫ్లోచార్టు తన సొంత ఇంట్లోనూ ఎంతో కాలం గౌరవం నిలుపుకోలేదు. ఫ్రెడ్ బ్రూక్స్ 1975 నాటి తన ‘ది మిథికల్ మ్యాన్-మంత్’లో దానికి లేనిపోని ప్రాధాన్యం కట్టబెట్టారని విమర్శించారు. ముందు ప్రోగ్రాం రాసి, నియమం కోసం ఆ తరువాత పటం గీసేవారే ఎక్కువని ఆయన పరిశీలన. ఇంజనీరింగు కళాశాలల ప్రయోగశాల రికార్డులు చూసినవారికి ఈ మాట కొత్తగా తోచదు. ప్రోగ్రామర్లు పక్కన పెట్టినా, కార్యాలయాలను కంప్యూటరీకరించే నిపుణులు మాత్రం ఫ్లోచార్టును తమ భాషగా స్వీకరించారు. దానితో ‘డి’ గుర్తు నెమ్మదిగా కార్యాలయ పటాల నుండి తప్పుకుంది.

అది పూర్తిగా మాయమైందనలేం. టయోటా కర్మాగారాలలో వాడిన సామగ్రి – సమాచార ప్రవాహ పటాలను మైక్ రోథర్, జాన్ షుక్ 1998లో ‘లెర్నింగ్ టు సీ’ అన్న పుస్తకంతో బయటి ప్రపంచానికి పరిచయం చేశారు. అందులో పటం అడుగున ఒక కాలరేఖ ఉంటుంది. అసలు పని సెకన్లలో, నిమిషాలలో, నిరీక్షణ రోజులలో పక్కపక్కనే కనిపిస్తాయి. కర్మాగారం మరచిపోని దానిని కార్యాలయం మరచిపోయింది.

6. ఫోర్డు బిల్లులు, ఖాళీ చెరువు

1990లో మైకేల్ హామర్ ‘హార్వర్డ్ బిజినెస్ రివ్యూ’లో రాసిన వ్యాసం ప్రక్రియా పటాన్ని యాజమాన్యాల బల్లపైకి చేర్చింది. ఆయన చెప్పిన ఉదాహరణ ఫోర్డు కంపెనీది. ఉత్తర అమెరికాలో సరఫరాదారుల బిల్లులు చెల్లించే విభాగంలో 500 మందికి పైగా పనిచేసేవారు. కంప్యూటర్లు పెట్టి దానిని 400కు తగ్గించాలని ఫోర్డు అనుకుంది. మాజ్డా సంస్థలో అదే పని ఐదుగురు చేస్తున్నారని తెలిసింది. సంస్థల పరిమాణంలోని తేడాను లెక్కలోకి తీసుకున్నా పొంతన లేదు. కొనుగోలు ఆర్డరు, సరుకు అందిన రసీదు, సరఫరాదారు పంపిన ఇన్వాయిసు – ఈ మూడింటినీ సరిపోల్చడం, సరిపోనివాటి వెంట పడడంలోనే గుమాస్తాల కాలం గడుస్తోంది. ఫోర్డు చివరకు ఇన్వాయిసునే తొలగించింది. ఆర్డరు ప్రకారం సరుకు వచ్చిందని దిగుమతి గుమ్మం వద్ద కంప్యూటరులో నమోదైతే చెల్లింపు జరుగుతుంది. సిబ్బంది 75 శాతం తగ్గారని హామర్ రాశారు.

మేధాపరంగా ఇది మెచ్చదగిన ఉదాహరణే. ఆ 75 శాతం మంది ఏమయ్యారన్నది పటానికి పట్టదు. ఈ ఉద్యమంలో తొలినాళ్ల నుండి ఉన్న థామస్ డావెన్‌పోర్ట్ 1995లో, ఇది మనుషులను మరచిన మోజుగా మారిందని బహిరంగంగానే విమర్శించారు. మోగెన్సన్ ఫోర్‌మన్ చేతికిచ్చిన పెన్సిలు ఈ దశకంలో సలహా సంస్థల చేతికి వెళ్లింది.

అదే 1990లో గియరీ రమ్లర్, అలన్ బ్రేచ్ తమ గ్రంథంలో, సంస్థ పటంలోని పెట్టెల మధ్య ఉన్న తెల్లని ఖాళీలోనే పని పాడవుతుందని వాదించారు. ఈతకొలను వరుసల్లా ఒక్కో విభాగానికి ఒక్కో పట్టీ ఇచ్చి, పని పట్టీల మధ్య ఎలా దాటుతుందో చూపే పటానికి దీనితో ప్రాచుర్యం వచ్చింది. 2004లో తొలిసారి వెలువడి, 2011లో రెండవ రూపం పొంది, 2013లో ఐ.ఎస్.ఓ. ప్రమాణమైన బి.పి.ఎం.ఎన్. అన్న గుర్తుల భాష ఈ పట్టీలను స్వీకరించింది. దాని గుర్తుల సంఖ్య వంద దాటింది. సగటు పటంలో వాటిలో ఐదోవంతు కన్నా తక్కువే వాడతారని మైకేల్ త్సుర్ మ్యూలెన్, యాన్ రెకర్ 2008లో చూపారు. ఇన్ని గుర్తులలో, నిర్ణీత గడువును చూపే గడియారం ఉన్నది కాని, పడి ఉన్న కాగితాన్ని చూపే ‘డి’ లేదు.

బి.పి.ఎం.ఎన్.లో ప్రతి సంస్థా ఒక ‘పూల్’, అంటే ఒక చెరువు. మన సంస్థ చెరువులో పనులన్నీ వివరంగా ఉంటాయి. బయటివాడి చెరువును – వినియోగదారుడు కావచ్చు, పౌరుడు కావచ్చు – ఖాళీగా వదిలే వెసులుబాటు ఉంది. అతని వైపు నుండి ఒక చుక్కల గీత వస్తుంది, అతని వైపు ఒకటి పోతుంది. లోపల ఏమి జరిగినా మనకు అనవసరం. ఈ ఖాళీ చెరువు ఎంత లోతైనదో తెలియడానికి మన ప్రాంతంలోనే ఒక ఉదాహరణ ఉంది.

7. పదమూడు దశలు, పద్నాలుగవ మనిషి

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం స్థిరాస్తి దస్తావేజులను ‘ఒకటవ పుస్తకం’లోకి ఎక్కించాలంటుంది. పేర్లకు ఒకటి, ఆస్తి వివరాలకు ఒకటి చొప్పున సూచికలు రాయాలంటుంది. దశాబ్దాలపాటు సబ్ రిజిస్ట్రారు కార్యాలయాలలో ఈ నకలు చేతిరాతతో జరిగింది. రాసే గుమాస్తా ముందు దస్తావేజుల దొంతర పెరుగుతూ ఉండేది. రిజిస్ట్రేషను నాడు సంతకాలు, వేలిముద్రలు ఇచ్చిన మనిషి తన కాగితం కోసం రోజులు, వారాలు తిరగవలసి వచ్చేది. ఈసీ కావాలంటే గడచిన సంవత్సరాల సూచికల సంపుటాలు తిరగవేయాలి. గిల్‌బ్రెత్ చూసి ఉంటే త్రిభుజాలతో కాగితం నింపేవారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేపట్టిన కంప్యూటరీకరణ పథకం ‘కార్డ్’ ఈ స్థితిని మార్చింది. దాని రూపకల్పనలో ఐ.ఎ.ఎస్. అధికారి జె. సత్యనారాయణ ముఖ్యపాత్ర వహించారు. పాత విధానాన్ని పదమూడు దశలుగా విడదీసి, ఏవి యంత్రానికి అప్పగించవచ్చో నిర్ణయించారు. 1998 నవంబరు 4న రాష్ట్రవ్యాప్తంగా రెండు వందలకు పైగా కార్యాలయాలలో పథకం మొదలైంది. మార్కెట్ విలువ లెక్క, ఫీజు లెక్క కంప్యూటరు చేసింది. చేతిరాత నకలు స్థానంలో స్కానింగు వచ్చింది, దాని చెల్లుబాటు కోసం రాష్ట్రం చట్టాన్ని సవరించుకుంది. ఈసీ నిమిషాలలో చేతికొచ్చింది. పని వరుసను విడదీసి, ప్రధానమైన ఆటంకాన్ని గుర్తించి తొలగించిన విధానానికి ఇది ఆదర్శప్రాయమైన ఉదాహరణ. తరువాతి ఈసేవ (2001), మీసేవ (2011) కేంద్రాల ఆలోచనకు ఈ అనుభవం దారి వేసింది.

2004లో జొనాథన్ కేస్లీ ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో ఈ పథకంపై రాసిన వ్యాసం శీర్షికలోనే దానిని ముఖద్వారపు అలంకరణగా అభివర్ణించారు. పౌరులలో అధికులు అప్పటికీ దస్తావేజు లేఖరి ద్వారానే వస్తున్నారని, అనధికార చెల్లింపులు ఆ దారినే సాగుతున్నాయని ఆయన వాదన. ఈ తీర్పు ‘కార్డ్’ పట్ల కొంత కఠినమైనదే. నకలు గుమాస్తా వద్ద ఆగిన కాలం నిజంగానే తగ్గింది, అది చిన్న విషయం కాదు. కాని కేస్లీ వేలు పెట్టి చూపిన చోటు సరైనది. శాఖ విడదీసిన దశలు శాఖ పనివి. లేఖరి శాఖ ఉద్యోగి కాడు. ఆయన గది కార్యాలయానికి ఎదురుగా రోడ్డు అవతల ఉంటుంది. పౌరుడి దృష్టిలో మాత్రం రిజిస్ట్రేషను మొదలయ్యేది ఆ గదిలోనే. హద్దులు రాయించడం, విలువ ఎంత వేయాలో మాట్లాడుకోవడం, సాక్షులను కుదుర్చుకోవడం, ‘ఖర్చులు’ ఎంతో తెలుసుకోవడం అన్నీ అక్కడే జరుగుతాయి. గిల్‌బ్రెత్ పద్ధతిలో దస్తావేజును పుట్టిన చోటి నుండి వెంబడించి ఉంటే మొదటి పెద్ద వృత్తం ఆయన బల్ల మీదే పడేది. ఆజ్ఞను వెంబడించే పటంలో ఆయన ఖాళీ చెరువులో ఉండిపోయాడు.

ఇటీవలి కాలంలో పటం గీసే పనిని మనిషి నుండి తప్పించే పద్ధతి వచ్చింది. విల్ వాన్ డెర్ ఆల్స్ట్ వంటి పరిశోధకులు అభివృద్ధి చేసిన ‘ప్రాసెస్ మైనింగ్’, కంప్యూటరులో నమోదైన సంఘటనల జాబితాను చదివి పటాన్ని తానే గీస్తుంది. నిబంధనల పుస్తకంలోని దారి కాక, పని వాస్తవంగా నడచిన దారి బయటపడుతుంది. ప్రతి నమోదుకూ సమయముద్ర ఉంటుంది కనుక, రెండు నమోదుల మధ్య కాగితం ఎంతసేపు పడి ఉందో లెక్కకు వస్తుంది. 1947 నాటి ‘డి’ ఇలా వేరొక వేషంలో తిరిగి వచ్చిందనవచ్చు. రిజిస్ట్రేషను కార్యాలయంలో ఆ జాబితాలోని మొదటి సమయముద్ర దస్తావేజు కౌంటరు చేరిన క్షణానిది. రోడ్డు అవతలి గదిలో గడచిన ఉదయానికి సమయముద్ర లేదు.